దేవుడికి వివరంగా చెప్పినదాన్ని

ప్రార్థన చెయ్యడంలో ఆ రోజుల్లో మా సంఘంలో నాకు సాటి లేరు. ఇప్పుడు గొప్పకి చెప్పడం లేదు గానీ అప్పట్లో గొప్పకే చెప్పుకునేదాన్ని. నేను కళ్లు మూసుకుని "ప్రేమగల తండ్రీ" అని మొదలుపెట్టానంటే, నా సంగతి తెలిసిన ఆడవాళ్లు కాళ్లు మార్చి మడుచుకుని, చంటిపిల్లల్ని ఒడిలో సర్దుకుని, గోడకి చేరగిలబడేవారు. పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చినవాళ్లయితే మెల్లిగా లేచి ఇంటికెళ్లి, బియ్యం వేసి, గంజి వార్చి మళ్లీ వచ్చి కూర్చునేవారు. అప్పటికి నేను ఇంకా మా పెదనాన్నగారి మోకాళ్ల నొప్పుల దగ్గరే ఉండేదాన్ని.

అరవైల చివరి మాట. భోగాపురానికి అవతల, సముద్రానికి రెండు మైళ్ల ఇవతల ఉన్న పల్లెలో నేను మిషను బడి పంతులమ్మని. మావారు భోగాపురం పోస్టాఫీసులో పని చేసేవారు. పొద్దున్నే సైకిలు మీద వెళ్లి పొద్దుగూకేవేళకి వచ్చేవారు. మాకు అప్పటికింకా పిల్లల్లేరు. అందుచేత నా నోటికి బడిలో పగలంతా పని ఉన్నా, సాయంత్రానికి ఇంకా కొంత మిగిలిపోయేది. ఆ మిగిలింది ప్రార్థనకి వాడేదాన్ని.

నా ప్రార్థనలో ప్రత్యేకత వివరం. తమ్ముడు విజయనగరం నుంచి రైల్లో వస్తున్నాడంటే, అందరిలా "క్షేమంగా చేర్చు తండ్రీ" అని ఊరుకునేదాన్ని కాదు. ఏ బండి, ఎన్నింటికి బయల్దేరుతుంది, వాడు ఇంజనుకి దగ్గర పెట్టెలో ఎక్కుతాడా దూరపు పెట్టెలో ఎక్కుతాడా, వాడి సంచి రంగేమిటి, అన్నీ దేవుడికి చెప్పేదాన్ని. మావారి బదిలీ గురించి అడిగినప్పుడు, పై అధికారి ఏ పూట మంచి కోపంలో ఉంటాడో, ఏ పూట చెడ్డ కోపంలో ఉంటాడో కూడా చెప్పాను. ఒకసారి వాన కోసం ప్రార్థన చేస్తూ, గుడి వెనక కళ్లంలో వేరుశనక్కాయలు ఆరబోసి ఉన్నాయి కాబట్టి అవి ఎత్తుకునేదాకా ఆ ఒక్క చోటు వదిలేసి చుట్టూ కురిపించమన్నాను. వాన రెండు రోజుల తరవాత వచ్చి కళ్లంతో సహా అన్నీ తడిపేసింది. ఆ తప్పు కూడా నాదేనని, ఏ వైపు గుడి వెనకో సరిగ్గా చెప్పలేదని అనుకున్నాను.

ఆదివారం మా పాస్టరు అయ్యగారు పొందూరు ఖద్దరు చొక్కా తొడుక్కుని, దేవుడికి తెలియనిది లేదని, మనం నోరు తెరవకముందే మన అవసరం ఆయనకి ఎరికేనని బోధించేవారు. అందరికన్నా గట్టిగా "ఆమేన్" అనేది నేనే. ఆయన సర్వజ్ఞుడని పాట పాడేసి, పాట అయిపోయాక సమాచారం అందించేదాన్ని.

"ఏమే, పోస్టాఫీసులో మేం ఒక్క లైను చిరునామాతో ఉత్తరం చేరుస్తాం. నువ్వు దేవుడికి ఊరి పటం గీసిచ్చినా నీకు నమ్మకం కుదరదు" అనేవారు మావారు.

"మీ పోస్టాఫీసు సంగతి నాకు తెలుసు లెండి. మా అమ్మ రాసిన కార్డు పదకొండు రోజులకి వచ్చింది" అనేదాన్ని. మాట పడడం నాకు పుట్టుకతోనే రాదు. కోపం ముక్కు మీదే ఉండేది, ముక్కు కూడా కొంచెం పొడుగే.

ఆ రోజుల్లో ఒడ్డు నుంచి మా ఊరికి చేపలు తెచ్చేవాళ్లు ముగ్గురు ఆడవాళ్లు. వాళ్లలో పొడుగాటి ఆవిడ మంగళవారం, శుక్రవారం మా వీధికి వచ్చేది. నాకన్నా అయిదారేళ్లు పెద్ద. అప్పా అని పిలిచేదాన్ని. గంప మా అరుగు మీద దించి, మంచినీళ్లు తాగి, కత్తిపీట అడిగి తీసుకుని తనే చేపలు కోసి ఇచ్చేది. నేను కోస్తే సగం మాంసం పొలుసుతో పోతుందని ఆవిడ బాధ. ఒక మంగళవారం వంటింట్లో చేప కోస్తూ కోస్తూ ఆపి, తలుపు వైపు చూసి, జాకెట్టు చెయ్యి పైకి లాగింది.

"పంతులమ్మా, నువ్వు సదువుకున్నదానివి. ఇదేటో సూడు."

ఎడమచేతి మీద, మోచేతికి పైన, రూపాయి బిళ్లంత మచ్చ. ఎండకీ ఉప్పుగాలికీ నల్లబడిన చేతి మీద అది ఒక్కటీ పాలిపోయి ఉంది. పక్కనే ఆరుతున్న బొబ్బ.

"మొన్న గంజి ఒలికిపోనాది. బొబ్బెక్కినాది గానీ మంట తెలవలేదు. మంట తెలవకపోతే మంచిదే గదా అనుకున్నాను. తరవాత భయమేసినాది."

నాకూ భయమేసింది. కుష్టు పేరు మా వైపు ఎత్తేవారు కాదు, పెద్దరోగం అనేవారు. అది వచ్చిందని తెలిసినవాళ్లు ఊరి చివర పాకల్లో ఉండేవారు, వాళ్ల చేతి నీళ్లు ఎవరూ పుచ్చుకునేవారు కాదు.

"ఎవులికీ సెప్పకు తల్లీ. మా అత్తకి తెలిస్తే ఇంట్లో ఉండనివ్వదు. ఊళ్లో తెలిస్తే నా సేతి సేప ఎవులు కొంతారు? ఒట్టెయ్యి" అంది.

"మేం ఒట్లు పెట్టుకోం అప్పా. మా మాటంటే మాటే" అన్నాను. ఎంత ఠీవిగా అన్నానో ఇప్పటికీ గుర్తుంది. "నీ కోసం ప్రార్థన మాత్రం చేస్తాను."

"నీ ఇష్టం. అది నీకూ ఆయనకీ మజ్జిన" అని మళ్లీ కత్తిపీట ముందు కూర్చుంది.

మర్నాడు బుధవారం. సాయంత్రం నాలుగు గంటలకి అయ్యగారి భార్య, మేం అమ్మగారు అనేవాళ్లం, ఆవిడ వరండాలో స్త్రీల కూటం జరిగేది. నాతో కలిపి పన్నెండుమందిమి. నా వంతు వచ్చింది. పెదనాన్నగారి మోకాళ్లు, తమ్ముడి పరీక్ష అయ్యాక, గుండెల్లోంచి ఆ మాట తన్నుకొచ్చింది. నిజంగా జాలితోనే వచ్చింది, ఆ ఒక్కటీ నా తరఫున చెప్పుకోవాలి.

"ప్రభువా, ఒక సహోదరి ఉంది. పేరు చెప్పను తండ్రీ, చెప్పనని మాటిచ్చాను."

ఇక్కడ ఆగి ఉంటే నేను ఈ కథ రాయాల్సిన పని ఉండేది కాదు. కానీ నాకు ఒక సందేహం వచ్చింది. పేరు చెప్పకపోతే ఆయనకి ఎలా తెలుస్తుంది? చేపలు తెచ్చేవాళ్లు ముగ్గురున్నారు. పొరపాటున ఇంకొకావిడకి స్వస్థత వెళ్లిపోతే? లేని జబ్బుకి స్వస్థత వచ్చి ఆవిడ ఏం చేసుకుంటుంది?

"ఆమె ఒడ్డు నుంచి వస్తుంది తండ్రీ. చేపలు తెచ్చే ముగ్గురిలో పొడుగాటి ఆమె. పచ్చరాయి ముక్కుపుడక ఉంటుంది. మంగళవారం, శుక్రవారం వస్తుంది. ఎడమచెయ్యి ప్రభువా, మోచేతికి నాలుగు వేళ్ల పైన, జాకెట్టు కింద, రూపాయి బిళ్లంత మచ్చ. వేడి గంజి పడ్డా తెలియలేదట. నీ చెయ్యి అక్కడ ఉంచు తండ్రీ."

మామూలుగా నేను ప్రార్థన చేస్తుంటే మాట మాటకీ "స్తోత్రం, స్తోత్రం" అనేవాళ్లు. ముక్కుపుడక దగ్గర స్తోత్రాలు తగ్గాయి. మోచెయ్యి దగ్గర పూర్తిగా ఆగిపోయాయి. నా ప్రార్థన వాళ్ల మనసుల్ని అంతగా తాకిందని అనుకున్నాను. పేరు చెప్పకుండా మాట నిలబెట్టుకున్నందుకు ఇంటికి వెళ్తూ దారంతా నన్ను నేను మెచ్చుకున్నాను.

శుక్రవారం నేను బడికి బయల్దేరుతుంటే ఆవిడ నిండు గంపతో మా అరుగు మీద కూలబడింది. రెండు వీధులు తిరిగి వచ్చినా పైన కప్పిన తడిగుడ్డ కూడా కదల్లేదు.

"ఏటి పంతులమ్మా, మీ ఊరోళ్లంతా ఇయ్యాల సన్నాసుల్లో కలిసిపోనారా? ఒక్కరు సేప ముట్టుకోరు. పిలుత్తంటే తలుపులేసుకుంతన్నారు."

ఎందుకో నాకు అప్పుడే తెలిసింది. విషయం ఆవిడకి చెప్పాల్సింది. చెప్పలేదు. "నాకే కావాలప్పా, మొత్తం ఇచ్చెయ్యి" అన్నాను.

"మొత్తమేటి? ఇద్దరు మనుసులు!"

"ఎండబెడతాను" అన్నాను.

ఆ పూట కవళ్ల చేపల పులుసు, వేపుడు. మర్నాడు పులుసు. ఆదివారం గుడి నుంచి వచ్చాక మళ్లీ అదే పులుసు. పెరట్లో తాడు కట్టి ఆరేసిన చేపల కింద ఊళ్లో పిల్లులన్నీ కూటం పెట్టుకున్నాయి. "ఏమే, సముద్రం ఖాళీ చేస్తానని ఎవరికైనా మాటిచ్చావా?" అన్నారు మావారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "నేనెవరికి ఏ మాటిచ్చాను, ఇచ్చిన మాట ఎప్పుడు తప్పాను" అని ఇంతెత్తు లేచాను. ఆయన అన్నం కలపడం మాని నా వైపు చూశారు.

ఆ సాయంత్రం గిన్నెడు పులుసు తీసుకుని అమ్మగారి ఇంటికి వెళ్లాను. ఆవిడ తింటే మిగతావాళ్లూ తింటారని నా ఎత్తు. అమ్మగారు చాలా మంచావిడ, ఎవరినీ పల్లెత్తు మాట అనదు. గిన్నె వైపు చూసి, "వద్దమ్మా" అంది.

"ఎవరో పుకారు పుట్టిస్తే నమ్మేశారా అమ్మగారూ?"

"పుకారేమిటి? నువ్వు దేవుడితో చెప్పిన మాట కదా. దేవుడి దగ్గర ఎవరు అబద్ధమాడతారు?"

గిన్నె పట్టుకుని వెనక్కి వచ్చాను. దారిలో ఆ పదకొండుమందినీ మనసులో చెడామడా తిట్టాను. కూటంలో విన్నది గడప గడపకీ మోసుకెళ్తారా, ఇదేనా భక్తి, వచ్చే బుధవారం ఒక్కొక్కరినీ కడిగేస్తాను అనుకున్నాను. మా ఇంటి మలుపు తిరిగేసరికి తిట్లు అయిపోయాయి. తిట్టాల్సిన నోరు ఇంకొకటి మిగిలింది, అది నా ముఖానే ఉంది.

మావారికి అంతా చెప్పాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "ఆవిడకి చెప్పు" అన్నారు. నేను చెప్పకుండా, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మళ్లీ ప్రార్థనకి కూర్చున్నాను. ఆ బుధవారం సాయంత్రాన్ని పదకొండుమంది జ్ఞాపకంలోంచీ తీసెయ్యమన్నాను. దేవుడు ఎవరినైనా మర్చిపోతాడేమోనని బళ్లో హాజరుపట్టీ చదివినట్టు పదకొండు పేర్లూ వరసగా చదివాను.

మంగళవారం ఆవిడ ఖాళీ గంపతో వచ్చింది. అరుగు ఎక్కలేదు. ఒడ్డున వల లాగినచోట తోటి ఆడవాళ్లు తనని దగ్గరికి రానివ్వలేదట. "మా అత్త నా కంచం, సాప పశువుల సాలలో ఎట్టినాది. పిల్లల్ని నా కాడికి రానివ్వట్లేదు. నాను నీకు తప్ప ఎవులికీ సెప్పలేదు పంతులమ్మా. ఎవులు సూసినారో, ఎలగ తెలిసిపోనాదో తెల్దు" అంది. నన్ను అనుమానించనైనా లేదు. ఒట్టు పెట్టుకోనివాళ్ల మాట మీద ఆవిడకి అంత నమ్మకం.

"నేనే అప్పా" అన్నాను. "నీ కోసం ప్రార్థన చేస్తూ, పైకి చెప్పాను. అందరూ ఉన్నారు."

ఆవిడ ఖాళీ గంప కింద పెట్టింది. తిడుతుందని, కొడుతుందని కూడా అనుకున్నాను. కొడితే బాగుండేది.

"నాను నీకు సెప్పినప్పుడు, మీ దేవుడు నీ వంటింట్లో ఉన్నాడా లేడా?"

"ఉన్నాడు."

"విన్నాడా?"

"విన్నాడు."

"మరి మల్లీ ఎందుకు సెప్పినావు? సెవుడా ఆయనకి?"

ట్రైనింగు పాసై, ఎనిమిదేళ్లుగా పిల్లల్ని ప్రశ్నలడిగి నిలబెట్టేదాన్ని. గుమ్మంలో నిలబడి నేల చూశాను. ఒక్క మాటలో చెప్పాలంటే, నేను ఆయన్ని నమ్మలేదు. పాట పాడాను, ఆమేన్ అన్నాను, కానీ నేను గుర్తు చెయ్యకపోతే ఆయన మర్చిపోతాడనీ, నేను గుర్తులు చెప్పకపోతే దారి తప్పుతాడనీ లోపల గట్టిగా అనుకున్నాను. ఆ అపనమ్మకానికి ఈవిడ కంచం పశువుల సాలలోకి వెళ్లింది. సిగ్గుతో ఏడ్చాను.

"ఏడుపెందుకు? ఇప్పుడేటి సేత్తావో సెప్పు."

"ప్రార్థ..." అని మొదలెట్టాను.

"నోర్ముయ్యి" అంది.

నోరు మూశాను. మర్నాడు బడికి సెలవు పెట్టి ఆవిడని తీసుకుని బస్సెక్కాను. విజయనగరంలో దిగి, శృంగవరపుకోట వైపు వెళ్లే బస్సు పట్టుకుంటే, దారిలో ఆ జబ్బు చూసే చిన్న ఆసుపత్రి ఒకటి ఉండేది. రెండు బస్సుల్లోనూ ఆవిడ నాకు దూరంగా వేరే సీటులో కూర్చుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆవిడని కళ్లు మూసుకోమని, మెలిపెట్టిన దూదితో చేతి మీద అక్కడక్కడ తాకి, ఎక్కడ తగిలిందో వేలు పెట్టి చూపించమంది. మచ్చ మీద తాకినప్పుడు ఆవిడ వేలు కదల్లేదు. "అదే జబ్బు. కానీ మొదట్లోనే వచ్చారు. మాత్రలు మానకుండా మింగితే తగ్గిపోతుంది. ఇది పక్కవాళ్లకి అంటుకునే రకం కాదు. వండొచ్చు, పిల్లల్ని ఎత్తుకోవచ్చు" అంది డాక్టరమ్మ.

"సేపలు అమ్మొచ్చా?"

"అమ్మొచ్చు."

"అమ్మొచ్చు గానీ, ఎవులు కొంతారు?" అని ఆవిడ నా వైపు చూసింది.

డాక్టరమ్మ కూడా నా వైపు చూసింది. నేనేం చేస్తానని అడిగింది. పంతులమ్మనని, తోడు వచ్చానని చెప్పాను. తోడు వచ్చినవాళ్లని కూడా చూడకుండా పంపం అని, ఓసారి జాకెట్టు వదులు చేసి వెనక్కి తిరగమని అంది. నాకు చిరాకేసింది. నేను చదువుకున్నదాన్ని, శుభ్రంగా ఉండేదాన్ని, వేడినీళ్ల స్నానం చేసేదాన్ని, నన్నేమిటి చూడడం? అయినా పెద్ద ఉపకారం చేస్తున్నట్టు మొహం పెట్టి తెర వెనక స్టూలు మీద కూర్చున్నాను. ఆవిడ అక్కడే బెంచీ మీద ఉంది.

"కళ్లు మూసుకోండి. దూది తగిలినప్పుడల్లా ఆఁ అనండి."

కళ్లు మూసుకోవడం నాకు చేతనైన విద్యే. భుజం మీద తగిలింది, ఆఁ అన్నాను. మెడ కింద, ఆఁ. నడుము దగ్గర, ఆఁ. మొదటి మార్కు నాదే అన్నట్టు గబగబా జవాబులు చెప్పాను. తరవాత డాక్టరమ్మ ఆగింది. నేనూ ఊరుకున్నాను. కాసేపయింది.

"ఆఁ అనరేం?" అంది.

"మీరు ఆపారు కదా?"

"నేను ఆపలేదమ్మా."

వీపు మీద, కుడి రెక్క కింద అరచెయ్యంత మచ్చట. నాకు కనపడని చోటు. మావారికి కనపడిందిట గానీ దద్దురనుకున్నారట, తరవాత చెప్పారు. చేపలావిడ నుంచి వచ్చింది కాదని, ఎన్నో ఏళ్ల కిందటిదని, అంటుకునే రకం కాదని, అవే మాత్రలు, అవే మాటలు డాక్టరమ్మ నాకూ చెప్పింది. నేను దేవుడికి అందించని సమాచారం అదొక్కటే, ఎందుకంటే నాకే తెలియదు. నేను తమ్ముడి సంచి రంగు ఆయనకి వివరిస్తున్న రోజుల్లో ఆయన నా వీపు చూస్తూ ఉన్నాడు.

నా పాపిష్టి నోటిని కూడా దేవుడు మేలుకే వాడాడని, ఆ నోరు జారకపోతే నేను ఆసుపత్రికి వెళ్లేదాన్నే కాదని తరవాత మావారు అన్నారు. అది నిజమేనేమో. దేవుణ్ని నోరారా పొగడడానికి మాత్రం నాకు మొహం చెల్లలేదు. ఆ మేలు నాకు దక్కింది, దాని ఖరీదు ఆవిడ కట్టింది.

తిరుగు బస్సులో ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుంది. బస్సు విజయనగరం చేరేదాకా నేను కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉన్నాను. బడి తెలిసిందంటే ఉద్యోగం పోతుంది, సంఘం తెలిసిందంటే నా చేతి నీళ్లు ముట్టరు. ఆవిడ తల్చుకుంటే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది.

"నాను ఎవులికీ సెప్పను. మీకు ఒట్టు లేదు గానీ మాకు ఉన్నాది. గంగమ్మతల్లి మీద ఒట్టు" అంది ఆవిడ.

సెప్పలేదు. చెప్పలేదు అని రాయాలి గానీ ఆవిడ సంగతి రాస్తుంటే ఆవిడ మాటే వస్తోంది. ఆర్నెల్లు గడిచాయి. మా ఊళ్లో చేపలు కొనేవాళ్లు లేక, తన సంగతి తెలియని ఊళ్లకి, రోడ్డు దాటి ఆరేడు మైళ్లు నడిచి వెళ్లేది. డాక్టరమ్మ చెప్పింది నేను కూటంలో ఆడవాళ్లకి చెప్పి చూశాను. "నీకేం, ఎన్నయినా చెబుతావు" అన్నారు. ఆవిడ కంచం పశువుల సాలలోనే ఉండిపోయింది. నేను మాత్రం బళ్లో పిల్లల చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించాను. కోతల పండగనాడు గుడి దగ్గర నా చేత్తో పులుసు వండి నా చేత్తోనే వడ్డించాను. అమ్మగారు రెండోసారి వేయించుకుంది.

ఆవిడ కంచాన్ని ఇంట్లోకి తెచ్చే మాట ఒక్కటే ఉంది. నాకూ ఆ జబ్బే ఉంది, నా చేతి కూడు తిని మీకేమీ కాలేదు కదా అనడం. ఆ మాట నా దగ్గరే ఉంది. అనలేదు. అప్పటికి నా ప్రార్థనలు పొట్టివయ్యాయి. రెండు ముక్కలు, ఆమేన్. పంతులమ్మకి వినయం వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు. అది వినయం కాదు, భయం. దేవుడికి అన్నీ తెలుసు కదా, మనుషులకి చెప్పడం ఎందుకని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నమ్మకం లేనప్పుడు చెప్పకూడనిది చెప్పాను. నమ్మకం వచ్చాక దాన్నే దుప్పటిలా కప్పుకుని పడుకున్నాను.

ఒక బుధవారం కూటం మొదలయ్యాక ఆవిడ వచ్చింది. అంతకుముందెప్పుడూ రాలేదు. గంప మెట్ల కింద పెట్టి గుమ్మం దగ్గర కూర్చుంది. అటు పక్కవాళ్లు చీరలు దగ్గరికి లాక్కుని జరిగారు. వరస నడిచింది. నా వంతుకి ముందు, అమ్మగారు మర్యాదకి, "నువ్వూ ఒక మాట చెప్పుకుంటావా అమ్మా?" అని అడిగింది.

ఆవిడ కళ్లు మూసుకోలేదు. నన్నే చూస్తోంది. నేను చేసిన పని నాకు తిరిగి చెయ్యడానికి ఆవిడకి ఒక్క నిమిషం చాలు, పేరు కూడా అక్కర్లేదు. చేసి ఉంటే తప్పని నేను అనేదాన్ని కాదు.

"బాబూ, నాకు పార్దన రాదు" అంది ఆవిడ. "సెప్పకండానే నీకు తెలుత్తాదంట. అలగైతే నానేటీ సెప్పను. ఎవులిదీ సెప్పను. సూసుకో, అంతే."

ఎవులిదీ అన్న మాట ఎవరికీ అర్థం కాలేదు. నా వంతు వచ్చింది. రెండు ముక్కలు సిద్ధంగానే ఉన్నాయి. అవి నోట్లోకి రాలేదు.

"తండ్రీ, నీకు తెలుసు, వీళ్లకి తెలీదు" అన్నాను. "ఈమెకున్నదే నాకూ ఉంది. నా వీపు మీద, కుడి రెక్క కింద. ఆర్నెల్ల నుంచి మాత్రలు మింగుతున్నాను. ఆర్నెల్ల నుంచి వీళ్లు నా చేతి వంట తింటున్నారు, ఒక్కరికీ ఏమీ కాలేదు. నా ఉద్యోగం నీ చేతిలో పెడుతున్నాను. ఈమె కంచాన్ని ఇంట్లోకి తెప్పించు."

ఇంక చెప్పడానికి ఏమీ లేదు. స్తోత్రం అన్నవాళ్లు లేరు. ఎవరి ఒడిలోనో చంటిపిల్ల కేరితే తల్లి దాని నోరు మూసింది. ప్రార్థన అయిపోయిందని వాళ్లకి తెలుసు, ఎవరో ఒకరు ఆ చివరి మాట అనాలనీ తెలుసు. నేను కళ్లు తెరవలేదు.

"ఆమేన్" అంది ఆవిడ, గుమ్మం దగ్గర నుంచి, ఒక్కతే.